బీజింగ్ ప్యాకేజీ రివ్యూ: సోమవారం పూట ప్యాలెస్‌కి తీసుకెళ్లిన మహానుభావులు

ట్రావెల్స్ పేరు రాయట్లేదు, అడగొద్దు. హైదరాబాద్ నుంచి ఇరవై రెండు మందిమి, అందరం తెలుగువాళ్లమే, బ్యాంకాక్ మీదుగా బీజింగ్, మనిషికి లక్షా అరవై వేలు. మా పెదనాన్నకి డెబ్బై ఆరేళ్లు, ఊరు సూర్యాపేట దగ్గర, 'చైనా ఛైర్మన్ మా ఛైర్మన్' అని నక్సలైట్లు మావో గురించి గోడల మీద రాసిన రోజుల్లో ఆయన కాలేజీ కుర్రాడు, తను కూడా రాశాడో లేదో ఇప్పటికీ నోరు విప్పడు. చచ్చేలోపు ఒక్కసారి బీజింగ్ చూడాలి అన్నాడు కాబట్టే ఈ ప్యాకేజీ తీసుకున్నా, లేకపోతే నేనైతే బాలీకి పోయేవాణ్ణి.

వీసా, ఫ్లైట్, హోటల్ ఓకే, చెప్పడానికేం లేదు. వంటాయన్ని మాత్రం మెచ్చుకోవాలి, హోటల్ కిచెన్‌లో ఎవర్ని ఎలా బతిమాలుకున్నాడో గానీ పొద్దున్నే పులిహోర, రాత్రికి పప్పు, ఆవకాయ, ఐదు రోజులు ఏ పూటా తప్పలేదు.

ఇక అసలు కథ. రెండో రోజు ఫర్బిడెన్ సిటీ, అంటే చైనా చక్రవర్తుల పాత ప్యాలెస్, ఇప్పుడు మ్యూజియం, అని షెడ్యూల్‌లో పెద్దక్షరాల్లో వేశారు. పొద్దున ఏడింటికే బస్సెక్కించారు, తియానన్మెన్ స్క్వేర్ దగ్గర సెక్యూరిటీ లైన్‌లో నిలబెట్టారు, పాస్‌పోర్టులు చూపించుకుంటూ ముందుకెళ్తే మావో ఫోటో ఉన్న గేటు వచ్చింది, సరే ఫోటోలు దిగాం, అప్పుడు చల్లగా చెప్పాడు మా టూర్ మేనేజర్, ఈరోజు సోమవారం అండీ, లోపల బంద్ అట. అట ఏంటి బాబూ! ప్యాలెస్ మ్యూజియంకి సోమవారం సెలవని ఎవరికైనా తెలుస్తుంది, మన చౌమహల్లాకి శుక్రవారం సెలవన్నట్టే కదా. పైగా పాస్‌పోర్ట్ నంబర్లతో ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి, అంటే వీళ్లు అసలు బుక్ చెయ్యడానికి ట్రై కూడా చెయ్యలేదన్నమాట, చేసుంటే సోమవారం డేట్ దొరకదని అప్పుడే తెలిసేది.

పెదనాన్న మేనేజర్ వైపు చూసి "ఏం బాబూ, లక్షా అరవై వేలు గోడ సూపియ్యనీకి తీసుకున్నరా?" అన్నాడు. బస్సంతా నవ్వింది, నాకు మాత్రం బీపీ పెరిగింది.

అక్కడ మమ్మల్ని కాపాడింది లోకల్ గైడ్. చైనా అమ్మాయి, ఇంగ్లీష్ బాగా మాట్లాడుతుంది, ట్రావెల్స్‌వాళ్లకి ఇచ్చిన డబ్బులో సగం ఆమెకే పోవాలి అని నా ఫీలింగ్. బాధపడకండి, ఛైర్మన్ కూడా లోపలికి వెళ్లలేదు అంది. మొదట జోక్ అనుకున్నాం. కాదట. 1949 నుంచి 1976లో పోయేదాకా ఇరవై ఏడేళ్లు ఆ ప్యాలెస్ పక్కనే ఉండి, ఆ పెద్ద పెద్ద దర్బారు హాళ్లు చూడ్డానికి ఆయన పోలేదట. 1954 ఏప్రిల్‌లో మాత్రం వారం తిరక్కుండా మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ కోటగోడ ఎక్కి పైన నడిచి, చుట్టూ చూసి దిగిపోయాడు, అంతే. సో మేం ఆ రోజు కందకం పక్కన చుట్టూ తిరిగాం, ఛైర్మన్ గోడ మీద, మేం గోడ కింద.

తిరుగుతూ ఆమె చెప్పినవి రాస్తున్నా, ఇంత కథ షెడ్యూల్‌లో లేదు. 1918లో మావో బీజింగ్ వచ్చినప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో చిన్న అసిస్టెంట్, నెలకి 8 యువాన్ల జీతం, ఒకే గదిలో ఎనిమిది మంది ఒకే కాంగ్ మీద, కాంగ్ అంటే కింద నుంచి వేడి పెట్టే ఇటుకల అరుగు, దాని మీద పడుకునేవాళ్లు, పక్కకి తిరగాలంటే అటూ ఇటూ ఉన్నవాళ్లకి చెప్పి తిరగాలి. పెదనాన్న వెంటనే "ఇది నాకెరుకే, మా రోజులల్ల సదివిన" అన్నాడు. నాకైతే మా అమీర్‌పేట హాస్టల్ నయం అనిపించింది. నాకు కొత్తగా తెలిసిందేంటంటే, ఆ చలికాలంలో మాజీ చక్రవర్తి పూయీ ఇంకా ఆ గోడల లోపలే ఉన్నాడు, పన్నెండేళ్ల పిల్లాడు. 1912లో గద్దె దిగినా 1924 దాకా లోపలే ఉండనిచ్చారు. ఆ పిల్లాడే తర్వాత జైలుకెళ్లి, 1959లో క్షమాభిక్ష దొరికి బయటికొచ్చి, బొటానికల్ గార్డెన్‌లో తోటపని చేశాడు.

తూర్పు గేటు దగ్గర పెదనాన్న ఆగిపోయాడు. ఎర్ర తలుపుల మీద బంగారు రంగు గుబ్బలు వరసగా ఉంటాయి, వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలెట్టాడు, ఎనిమిది వరసలు, వరసకి తొమ్మిది, 72. మిగతా పెద్ద గేట్లకి 81 అట, దీనికే తక్కువ, ఎందుకో గైడ్ కూడా నవ్వి ఊరుకుంది. మేనేజర్ లంచ్ టైమ్ అయింది సార్ అంటుంటే ఈయన రెండో తలుపు లెక్కపెడుతున్నాడు.

లంచ్ అయ్యాక జింగ్‌షాన్ గుట్ట ఎక్కాం, అది ప్యాలెస్‌కి వెనకాల. పైనుంచి చూస్తే పసుపు పెంకుల కప్పులు, ఒకదాని వెనక ఒకటి, చివర కనపడదు. ఈ వ్యూ దొరికింది కాబట్టి సోమవారం పూర్తిగా వేస్ట్ అని అనలేను. ఆ గుట్ట మీదే 1644లో మింగ్ వంశపు ఆఖరి చక్రవర్తి ఉరేసుకున్నాడు, చెట్టు కూడా చూపిస్తారు, పాతది కాదు, తర్వాత నాటింది. ఉరేసుకోవడానికి కారణం లీ జిచెంగ్ అనే రైతు నాయకుడు సైన్యంతో లోపలికొచ్చేయడం. వచ్చినోడు నలభై రోజులు ఉన్నాడో లేదో, ప్యాలెస్‌లో పట్టాభిషేకం చేయించుకుని మర్నాడే పారిపోయాడు, పోతూ నిప్పు పెట్టి మరీ పోయాడు. 1949 మార్చిలో బీజింగ్‌కి బయల్దేరుతూ మావో అన్నది దీని గురించే, పరీక్ష రాయడానికి పోతున్నాం, మనం లీ జిచెంగ్‌లం కాకూడదు అని. రాజమహల్లోకి పోతే ఏమవుతుందో ఆయన పుస్తకాల్లో చదువుకునే వచ్చాడన్నమాట.

మరి ఉన్నదెక్కడ? జోంగ్నన్‌హాయ్‌లో, ప్యాలెస్ పడమటి గోడకి రోడ్డు అవతల. అదీ చక్రవర్తుల చెరువూ తోటే! మొదట అక్కడికీ రానన్నాడని చెప్తారు, సహచరులు పట్టుబడితే వచ్చి, పాత రాజుల కాలం నాటి భవనంలోనే కాపురం పెట్టాడు. గేటు లోపలి గోడ మీద ప్రజలకు సేవ చేయండి అని ఆయన చేతిరాత, బయట తుపాకీతో గార్డు. గుట్ట మీద నుంచి గైడ్ ఆ వైపు చెయ్యి చూపిస్తుంటే పెదనాన్న కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా నాతోనే అన్నాడు, "గడీల అడుగు పెట్టలేదు గని గడీ తోటలనే ఉన్నడు." మా ఊళ్లో దొర గడీ ఇప్పుడు గబ్బిలాలకి తప్ప ఎవరికీ పనికిరావట్లేదు, బహుశా అది గుర్తొచ్చినట్టుంది.

లోపలికి పోడు సరే, ఫోటో మాత్రం గేటుకే ఉంది కదా అని నేనన్నా. గైడ్ సరిచేసింది, తియానన్మెన్ ప్యాలెస్ సొంత గేటు కాదు, బయటి ఆవరణకి గేటు, 1949 అక్టోబర్ 1న ఆయన దాని పైనుంచే రిపబ్లిక్ ప్రకటించాడు. ప్యాలెస్ గుమ్మం ఇంకా లోపలికి పోతే వస్తుంది. అయినా నాకు తేడా పెద్దగా కనపడలేదు. ప్యాలెస్‌ని కూల్చలేదు, ఊరి చుట్టూ ఉన్న కోటగోడ మాత్రం దాదాపు అంతా పడగొట్టేశారు, దాని జాగాలో మెట్రో, రింగ్ రోడ్డు. వద్దని మొత్తుకున్న లియాంగ్ సిచెంగ్ అనే ఆర్కిటెక్ట్ మాట ఎవరూ వినలేదు. మన పాతబస్తీ గోడ గతీ అంతే కదా, దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా తప్ప మిగిలిందేం లేదు. 1966లో రెడ్ గార్డులు, అంటే మావో పేరుతో తిరిగిన విద్యార్థి దళాలు, పాతవన్నీ పగలగొడుతుంటే ఈ ప్యాలెస్ గేట్లు మూయించి సైన్యాన్ని పెట్టించింది ప్రధాని చౌ ఎన్ లై, మళ్లీ తెరిచింది 1971లో.

మంగళవారం షాపింగ్ క్యాన్సిల్ చేయించి లోపలికి తీసుకెళ్లారు, అది కూడా మేం పన్నెండు మంది గొడవ చేస్తేనే, టికెట్ 60 యువాన్లు మళ్లీ మా దగ్గరే వసూలు చేశారు, రీఫండ్ ఇస్తామన్నారు, ఇంకా రాలేదు. సింహాసనం ఉన్న పెద్ద హాల్లోకి మనల్ని రానివ్వరు, గుమ్మం బయట నుంచే చూడాలి, నా ముందు యాభై ఫోన్లు గాల్లో ఉన్నాయి, వాటి మధ్యలోంచి కుర్చీ చెయ్యి ఒకటి కనపడింది. పెదనాన్న తోసుకుంటూ ముందుకి పోలేదు, నువ్వు సూడు రా అని మెట్ల పక్కన నీడలో కూచున్నాడు. ఉత్తరం గేటు నుంచి బయటికొచ్చేటప్పుడు మాత్రం మళ్లీ గుబ్బలు లెక్కపెట్టాడు, 81 కరెక్టే.

ఈ ట్రావెల్స్‌తో పోవాలనుకుంటే షెడ్యూల్‌లో ప్యాలెస్ సోమవారం పడిందేమో క్యాలెండర్ తీసి మీరే చూసుకోండి, టికెట్ బుకింగ్ స్క్రీన్‌షాట్ అడగండి, ఇవ్వకపోతే డబ్బు కట్టకండి. గైడ్‌కి ఐదు స్టార్లు, ట్రావెల్స్‌కి రెండు. వంటాయన కోసం ఇంకో అర వేసుకోండి.