ముందు అద్దం మూసి ఉన్న కేబినెట్ కొనకండి, పక్క డోరు తీసి సిస్టమ్ నడపకండి: బల్లార్షా నుంచి ఒక హెచ్చరిక

మహారాష్ట్రలో చంద్రపూర్, బల్లార్షా, రాజురా, గడ్చాందూర్ వైపు ఉంటున్న మన తెలుగువాళ్ళలో ఎవరైనా కొత్త కంప్యూటర్ సిస్టమ్ అసెంబుల్ చేయించుకోవాలనుకుంటుంటే, ముందు భాగం మొత్తం అద్దంతో మూసేసిన కేబినెట్ (భాగాలన్నీ లోపల బిగించే పెట్టె) మాత్రం తీసుకోకండి. ఇప్పటికే తీసుకుని, వేడి తట్టుకోలేక పక్క డోరు ఊడదీసి నడుపుతున్నవాళ్ళుంటే, ఆ డోరు ఈరోజే తిరిగి పెట్టేయండి. ఈ రెండు తప్పులూ నేనే చేశాను. 12 వేలు పోయాయి. అంతకంటే బాధ ఏమిటంటే, ఇద్దరు పెళ్ళివాళ్ళకి చెప్పిన రోజుకి ఆల్బమ్ ఇవ్వలేకపోయాను.

నేను ఇంట్లోనే పెళ్ళి ఆల్బమ్‌ల డిజైన్, వీడియో ఎడిటింగ్ చేస్తాను. మా ఆయనది బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. నైట్ షిఫ్టు ఉన్న వారమంతా ఆయన పగలు పడుకోవాలి. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మధ్యలో కర్టెన్ తప్ప తలుపు లేదు. అందుకే మార్చిలో షాపుకి వెళ్ళినప్పుడు నేను గట్టిగా అడిగింది ఒక్కటే, సౌండ్ రాకూడదని. షాపతను వెంటనే ఈ కేబినెట్ చూపించాడు. "ముందంతా అద్దమే కదా భాభీ, ఫ్యాన్ల సౌండ్ లోపలే ఉండిపోతుంది" అన్నాడు. ముందు మూడు, వెనక ఒకటి, మొత్తం నాలుగు రంగు లైట్ల ఫ్యాన్లు. ధర 3,400. పక్కా బిల్లు వద్దంటే జీఎస్టీ 18 శాతం మిగులుతుందన్నాడు. సరేనని కచ్చా చీటీ తీసుకున్నాను. ఆ చీటీ సంగతి తర్వాత చెప్తాను.

మార్చి నెల బాగానే గడిచింది. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని పూర్తి ఫైలుగా తయారుచేయడం) పెట్టగానే సిస్టమ్ పిండిమరలా మోగడం మొదలైంది. మా ఆయన రెండుసార్లు లేచి వచ్చి "ఏమైంది దానికి" అని అడిగారు. ఎండ పెరిగేకొద్దీ సౌండ్ పెరిగింది, పని మాత్రం నెమ్మదించింది. అంతకుముందు 40 నిమిషాల్లో అయ్యే వీడియో గంట దాటేది.

మన దగ్గర ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. చంద్రపూర్‌లో 45 డిగ్రీలు మామూలు, 47 చూసిన రోజులూ ఉన్నాయి. కేబినెట్ల రివ్యూ వీడియోలు చూసేటప్పుడు మనం మరిచిపోయే లెక్క ఇక్కడే ఉంది. ఆ వీడియోలు ఎక్కువగా ఏసీ గదుల్లో తీసినవి. ఫ్యాన్ గదిలోని గాలినే లోపలికి తోస్తుంది, దాన్ని చల్లబరచదు. 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 65 చూపిస్తే, అది గది కంటే 43 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందని అర్థం. అదే సిస్టమ్‌ని మధ్యాహ్నం 40 డిగ్రీలుండే మన గదిలో పెడితే ఇంచుమించు 83కి చేరుతుంది. అక్కడ "పరవాలేదు" అనిపించుకున్న కేబినెట్ ఇక్కడికొచ్చేసరికి ఉడికించేస్తుంది.

నా ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-12400ఎఫ్. దానికి 100 డిగ్రీలు హద్దు. ఆ హద్దు తగిలితే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. మేలో రెండర్ పెట్టి చూస్తే సరిగ్గా ఆ 100 దగ్గరే కూర్చుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు 83 దగ్గర ఆగి, దాని ఫ్యాన్లని పూర్తి వేగంతో తిప్పుతోంది. ఆ కార్డు ఒక్కటే 170 వాట్ల దాకా తీసుకుంటుంది. తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఆ వేడి పోవడానికి దారి లేకపోతే అక్కడే తిరుగుతుంది.

షాపతను చెప్పినదాంట్లో అసలు పొరపాటు నాకు అప్పుడు అర్థమైంది. అద్దం సౌండ్‌ని కాస్త ఆపే మాట నిజమే. కానీ గాలిని అంతకంటే ఎక్కువ ఆపుతుంది. గాలి చాలక లోపలి ఫ్యాన్లు మరింత వేగంగా తిరగాల్సి వస్తుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే సౌండ్ సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, రెట్టింపైతే అంతే పెరుగుతుంది. కాబట్టి నిశ్శబ్దం కావాలంటే పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరగాలి, వాటికి గాలి ధారాళంగా అందాలి. అద్దం పక్కన వేలు మందం సందులోంచి గాలిని లాగడం వల్ల అదనంగా ఈల లాంటి సౌండ్ కూడా వచ్చేది.

ఇంకో మోసం ఆ లైట్ల ఫ్యాన్లు. వాటి వైరు మదర్‌బోర్డుకి (భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డుకి) వెళ్ళలేదు, మోలెక్స్ పిన్నుతో నేరుగా పవర్ సప్లైకి కలిపారు. అలా కలిపితే మీరు వర్డ్‌లో ఉత్తరం టైపు చేస్తున్నా, నాలుగు గంటల రెండర్ పెట్టినా ఒకే వేగంతో తిరుగుతాయి. తగ్గించే మార్గం లేదు. మే చివరికి ఒక ఫ్యాన్ బేరింగ్ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

అంతకుముందే, ఈ వేడికీ సౌండ్‌కీ విసిగిపోయి మే మొదటి వారంలో పక్క అద్దం డోరు తీసేశాను. ఒక్క నిమిషంలో ప్రాసెసర్ 100 నుంచి 86కి దిగింది, గ్రాఫిక్స్ కార్డు 74కి వచ్చింది. ఫ్యాన్లు నెమ్మదించాయి, మా ఆయన నిద్ర కూడా బాగుపడింది. నెల రోజులు అలాగే నడిపాను. అది చేసిన మేలు కళ్ళముందు కనబడుతోంది కాబట్టి, చేస్తున్న చెరుపు నాకు కనబడలేదు.

మొదటి దెబ్బ అద్దానికి తగిలింది. తీసిన డోరుని గోడకి ఆనించి టైల్స్ నేల మీద నిలబెట్టాను. ఒకరోజు ఇల్లు తుడుస్తూ కాస్త జరిపితే దాని మూల నేలకి తగిలింది. గట్టిగా కూడా కాదు. అంతా ఒక్కసారిగా గింజలు గింజలుగా రాలిపోయింది. టెంపర్డ్ గ్లాస్ మధ్యలో దెబ్బని బాగా ఓర్చుకుంటుంది గానీ, అంచు మీద దెబ్బ తట్టుకోలేదు, అందులోనూ టైల్స్ అద్దం కంటే గట్టివి. పాప పక్క గదిలో ఉంది కాబట్టి సరిపోయింది. అద్దం డోరు ఎప్పుడు తీసినా మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి. ఆ రోజుతో నాకు మూద్దామన్నా డోరు లేకుండా పోయింది.

తర్వాత దుమ్ము. ఇటు గనులు, అటు పవర్ హౌసు, రాజురా దాటితే సిమెంటు ఫ్యాక్టరీలు. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ నల్ల పొడి, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య మెత్తగా పేరుకుంది. దానికితోడు గదిలో ఎయిర్ కూలర్ ఉంది. కూలర్ తేమ, ఈ దుమ్ము కలిస్తే పొర ముద్దలా అంటుకుంటుంది. తడి పట్టిన దుమ్ములోంచి కరెంటు కూడా కొద్దికొద్దిగా పాకుతుంది. కూలర్ గాలి సూటిగా తగిలేచోట తెరిచిన సిస్టమ్ పెట్టినవాళ్ళుంటే వెంటనే జరపండి.

జూన్‌లో తొలకరి పడిన రాత్రి ఏం జరిగిందో ఊహించే ఉంటారు. ఉసిళ్ళు. ఇంట్లో లైట్లన్నీ ఆపేశాను, కానీ సిస్టమ్‌లో రెండర్ నడుస్తోంది, దాని నాలుగు రంగు ఫ్యాన్లు దీపాల్లా వెలుగుతున్నాయి. చీకటి గదిలో వాటికి అదొక్కటే వెలుతురు. పొద్దున చూస్తే లోపలంతా రెక్కలే. ప్రాసెసర్ ఫ్యాన్‌లో ఇరుక్కున్నాయి, గ్రాఫిక్స్ కార్డు కింద చాపలా పరుచుకున్నాయి. ఓపిగ్గా తీసి శుభ్రం చేశాను. ఉసిళ్ళ కోసం బల్లి వస్తుందన్న ఆలోచన మాత్రం రాలేదు. రెండో రాత్రి చటుక్కుమని సిస్టమ్ ఆగింది, కాలిన వాసన వచ్చింది. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కన బల్లి చచ్చి పడి ఉంది. బోర్డు పోయింది. వారంటీకి పంపితే కాలిన మచ్చ చూసి, పురుగూ పుట్రా వల్ల జరిగినదానికి వారంటీ రాదని తిప్పి పంపారు. కొత్త బోర్డుకి 8,600 అయింది.

కాగజ్‌నగర్‌లో ఉండే మా మరిది కంప్యూటర్ రిపేర్లు చేస్తాడు. బోర్డు మార్చడానికి తనే వచ్చాడు. రాగానే ఒక అగరుబత్తి అడిగాడు. పూజకేమో అనుకున్నాను. సిస్టమ్ ఆన్ చేసి, లేని డోరు స్థానంలో అట్టముక్క టేపుతో అంటించి, వెలిగించిన అగరుబత్తిని ముందు అద్దం సందు దగ్గర పట్టుకున్నాడు. పొగ నిటారుగా పైకి పోయింది, లోపలికి వంగనే లేదు. మూడు ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. "చూశావా వదినా, ముక్కు మూసి పరిగెత్తమంటే ఎలా" అన్నాడు. తర్వాత ముందు అద్దాన్ని ఊడదీసి మళ్ళీ పట్టుకున్నాడు. పొగ తాడులా సాగి లోపలికి పోయింది.

ఆ రాత్రే గది 34 డిగ్రీలున్నప్పుడు ఒకే వీడియోతో మూడు రకాలుగా నడిపి చూశాం. ముందు అద్దం ఉండి పక్క మూసి ఉంటే ప్రాసెసర్ 97. ముందు అద్దం తీసి పక్క మూసి ఉంటే 83. రెండూ తెరిచి ఉంటే 81. అంటే నెలరోజులు నేను పక్క డోరు తీసి సాధించినదంతా, ముందు అద్దం తీసి ఉంటే దాదాపు అలాగే వచ్చేది. డోరు పగిలేది కాదు, బల్లి వచ్చేది కాదు. ఈ మూడు అంకెలు చూశాకే ఇది రాయాలనిపించింది.

ఇలాంటి కేబినెట్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, పక్క డోరు ముట్టుకోకుండా ముందు అద్దం తీయండి. చాలావాటిలో అది క్లిప్పుల మీదే ఉంటుంది, లైటు వైరు ఉంటే జాగ్రత్తగా విప్పాలి. ఆ ఖాళీకి దోమల జాలి బిగుతుగా కట్టండి. రెండు పొరలు వేయకండి, గాలి ఆగిపోతుంది. లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి లాగేవాటికంటే కాస్త ఎక్కువ ఉంటే, గాలి జాలిలోంచే వస్తుంది, మిగతా సందుల్లోంచి దుమ్ము లాగదు. దులిపేటప్పుడు ప్లగ్గు పీకి, బ్లోయర్ కొట్టేముందు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. లేకపోతే అది విచ్చలవిడిగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

నేను ఇప్పుడు వాడుతున్నది ముందు మొత్తం జాలి ఉన్న కేబినెట్. ముందు 140 ఎంఎం ఫ్యాన్లు రెండు, వెనక 120 ఎంఎం ఒకటి, లైట్లు లేవు. అన్నీ నాలుగు పిన్నులవి, అంటే బోర్డు వేగం మార్చగలిగేవి, మదర్‌బోర్డుకే కలిపాం. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వేడిని బట్టి వేగం పెరిగేలా పెట్టుకున్నాను. మామూలు డిజైన్ పని చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ సౌండ్‌లో ఇది వినబడదు. రెండర్‌లో వినబడుతుంది, అబద్ధం చెప్పను. కానీ ఒకే స్థాయిలో మెత్తగా వస్తుంది, మా ఆయన లేవడం లేదు. జాలికి కూడా ఒక కష్టం ఉంది. మన దుమ్ముకి పది రోజులకోసారి కడగాలి, ఆరాకే పెట్టాలి. ఇలాంటి కేబినెట్‌కి పక్క డోరు తీస్తే ప్రయోజనం ఉండకపోగా, ముందునుంచి సూటిగా బోర్డు మీదుగా వెనక్కి పోవాల్సిన గాలి పక్కకి చెదిరిపోతుంది. ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీ లాంటివి ఇంకాస్త వేడెక్కొచ్చు కూడా.

షాపులో చూసుకోవడం కష్టమేమీ కాదు. కేబినెట్ ముందు భాగం వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. వెలుతురు ధారాళంగా బయటికి రాకపోతే గాలి కూడా రాదు. ఫ్యాన్ పిన్నులు చూపించమనండి, మదర్‌బోర్డుకి కలిసేవై ఉండాలి. ఆన్ చేయించి, ముందు అరచెయ్యి పెట్టి లాగుతోందో లేదో చూడండి. లైట్లు ఆపే బటన్ ఉందా అని అడగండి, తొలకరికి పనికొస్తుంది.

ఇక ఆ చీటీ. టకటకమనే ఫ్యాన్ పట్టుకుని షాపుకి వెళ్తే, సరుకు మాదే అనడానికి ఆధారం ఏదన్నాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న వస్తువుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. నాకు ఇది ఆలస్యంగా తెలిసింది, అప్పటికి 30 రోజులు దాటాయి, పక్కా బిల్లూ లేదు. మీకు ఇలా జరిగితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

పోయిన ఆదివారం మౌస్ కోసం ఆ షాపు ముందునుంచే వెళ్ళాను. అదే కేబినెట్లు రెండు షోకేసులో వెలుగుతున్నాయి. ఒకదాని ముందు ఒక అబ్బాయి వాళ్ళ నాన్నతో నిలబడి, తెలుగులోనే ధర మాట్లాడుతున్నాడు. ఆగి, అగరుబత్తి సంగతి ఇద్దరికీ చెప్పి వచ్చాను.