ఫిట్‌నెస్‌కి ముందు పాత పాలియో: మనమే చూసుకోవాలా, మెకానిక్‌కి ఇవ్వాలా?
శ్రీకాకుళంలో ఇంకా ఫియట్ పాలియో 1.6 లాంటి పాత హుషారు కారు నడిపేవాళ్ల కోసం ఇది. మన దగ్గర సొంత కారుకి ఏటా తనిఖీ ఉండదు, 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూస్తారు, ఆపైన ఐదేళ్లకోసారి.

మనమే చూసుకుంటే డబ్బు మిగులుతుంది. లైట్లు, హారన్, వైపర్లకి మెకానిక్ ఎందుకు? టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చాల్సిందే. పొల్యూషన్ పరీక్షకి ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు చూసుకుని, చిలకపాలెం దాకా హైవే మీద ఒకసారి తిప్పి ఆ వేడి మీదే తీసుకెళ్లండి, ఎందుకంటే పొగలోని విషవాయువులని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పని చేస్తుంది, చల్లటి ఇంజిన్‌తో వెళ్తే మంచి బండి కూడా ఫెయిలవ్వొచ్చు.

బ్రేకులు, కింది భాగం మాత్రం మెకానిక్‌కే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి తిరిగిన కారుకి పైన రంగు నిగనిగలాడుతున్నా బ్రేకు పైపులు, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు పట్టి ఉండొచ్చు, లిఫ్ట్ మీద ఎత్తితే తప్ప సరిగ్గా కనబడదు. ఒట్టి జాకీ మీద నిలబెట్టి కిందకి దూరకండి, ప్రాణాలకే ప్రమాదం. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్పించండి.

ఇంత పాత మోడల్‌కి పార్టులు అడగ్గానే దొరకవు, విశాఖ నుంచి తెప్పించాల్సి రావచ్చు. రెన్యువల్ దరఖాస్తు, అంటే ఫారం 25, రిజిస్ట్రేషన్ గడువుకి 60 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు కాబట్టి, మెకానిక్ దగ్గరికి అంతకన్నా ముందే వెళ్లండి.