పోకర్ చార్ట్ యాప్ చాలాకాలం వాడాక: స్మాల్ బ్లైండ్ పేజీ ఒక్కటే బంగారం

ఇన్‌స్టాల్, సబ్‌స్క్రిప్షన్ సంగతులు అందరూ రాసేశారు. పోకర్‌లో ఏ ముక్కలకు ఏం ఆడాలో గళ్లలో చూపే ఈ యాప్‌లో నాకు నచ్చింది ఒక్క పేజీ. టోర్నమెంట్ చివర్లో 15–25 బిగ్ బ్లైండ్ల స్టాక్ (చిప్స్) ఉండి, ముందున్నవాళ్లంతా ఫోల్డ్ చేస్తే (ముక్కలు పారేస్తే) స్మాల్ బ్లైండ్‌లో ఏం ఆడాలో చూపే పేజీ. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలే బ్లైండ్లు, చిన్నది స్మాల్, దానికి రెట్టింపు బిగ్. అందులో ఎక్కువ గళ్లు లింప్ రంగే, అంటే పందెం పెంచకుండా బిగ్ బ్లైండ్‌కు సమానం చేసి ఆడటం.

బెజవాడలో పోకర్‌కు వచ్చేవాళ్లలో చాలామందిది రమ్మీ చెయ్యి. ముక్కలు బాగోకపోతే మొదట్లోనే డ్రాప్ కొట్టి 20 పాయింట్లతో బయటపడే అలవాటు. అలాగే స్మాల్ బ్లైండ్‌లోనూ పారేస్తారు, ఆసు కనిపిస్తే మాత్రం ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ) తోసేస్తారు. బ్లైండ్లు 1000/2000, బిగ్ బ్లైండ్ యాంటీ (అందరి తరఫునా బిగ్ బ్లైండ్ వేసే అదనపు పందెం) 2000 అనుకోండి. పాట్‌లో (మధ్యలో చేరిన మొత్తంలో) అప్పటికే 5000 ఉంది, మనం వేయాల్సింది ఇంకో 1000. పాట్‌లో ఆరో వంతు, సుమారు 17 శాతం, మన చేతికి వస్తే చాలు. అదే 20 బ్లైండ్లూ తోస్తే రెండున్నర కోసం పందొమ్మిదిన్నర పణం పెట్టినట్టు. ఎదుటివాడు సమానం చేస్తే ప్రతిసారీ ఓడతామనుకుంటే, ఆ పని గిట్టాలంటే అతను దాదాపు 89 శాతం సార్లు ఫోల్డ్ చేయాలి. యాంటీ లేని ఆటలో లింప్‌కు 25 శాతం కావాలి కాబట్టి చార్టులో అట్టడుగు ముక్కలు వదిలేయాల్సిందే.

మంచి ముక్కల్లోనూ కొన్నిటిని లింప్‌లోనే ఉంచమనడం ఈ పేజీలో అసలు తెలివి. పెద్ద జతలన్నీ రైజ్ చేస్తే (పందెం పెంచితే) మన లింప్ బలహీనమని బిగ్ బ్లైండ్‌కు తెలిసిపోయి ప్రతిసారీ తోస్తాడు. లింప్ చేశాక ఫ్లాప్‌కి, అంటే టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలకి, పాట్ మూడు బ్లైండ్లు. రాజు-7-2 లాంటి పొడి (ముక్కలు ఒకదానితో ఒకటి కలవని) ఫ్లాప్‌లో ఒక్క బ్లైండ్ బెట్ వేస్తే, ఎదుటివాడు నాలుగింట ఒకసారి ఫోల్డ్ చేసినా నష్టం లేదు.

దెబ్బ తినేది ఫైనల్ టేబుల్ దగ్గర. నలుగురు మిగిలారు, బహుమతి పాయింట్లు 50, 30, 20, నాలుగోవాడికి సున్నా. అందరివీ ఇంచుమించు 20 బ్లైండ్లే. మన దగ్గర ఆసు-జాక్ ఆఫ్‌సూట్ (వేర్వేరు గుర్తులవి), లింప్ చేశాం, బిగ్ బ్లైండ్ ఆల్ ఇన్ తోశాడు. 22 బ్లైండ్ల పాట్‌కు 19 వేయాలి, అంటే 46 శాతం ఉంటే చాలు, కాబట్టి యాప్ నిస్సందేహంగా కాల్ (సమానం చేయి) అంటుంది. బహుమతి పాయింట్లలో లెక్కేస్తే ఫోల్డ్ విలువ సుమారు 24, గెలిస్తే 38న్నర, ఓడితే సున్నా. అంటే 62 శాతం దాకా కావాలి. ముక్కలు చూడకుండా తోసినవాడి మీద కూడా ఈ చెయ్యి గెలిచేది సుమారు 64 శాతమే. కాస్త చూసి తోసేవాడైతే ఫోల్డ్ తప్ప దారి లేదు. టేబుల్ మీద మూడు బ్లైండ్లతో ఇంకొకడు బతికుంటే మధ్య స్టాక్ మెడ మీద కత్తి ఇంకా పదునెక్కుతుంది. చిప్స్‌ను బహుమతి విలువలోకి మార్చే ఈ లెక్క వేసే ఐసీఎం మోడ్ యాప్‌లో లేకపోలేదు, ఎక్కడో మెనూ అడుగున ఆఫ్‌లో ఉంటుంది. డబ్బు తీసుకునే యాప్ చేయాల్సిన పనేనా?

పైన లింప్‌ను పొగిడినదానికి ఇంకో షరతు. 2020 సవరణ తర్వాత ఆంధ్రాలో పందెం పోకర్ నేరం, 2025లో కేంద్ర చట్టం ఆన్‌లైన్ డబ్బాటను దేశమంతటా ఆపింది. ఇక్కడ మిగిలినవి ఉచిత చిప్స్, పాయింట్ల ఆటలు. ఉచిత చిప్స్ ఆటలో బిగ్ బ్లైండ్ ఫోల్డ్ చేయడు గాక చేయడు. అక్కడ ఒక్క బ్లైండ్ బ్లఫ్ దండగ. మంచి ముక్కలు లింప్‌లో దాచకుండా మూడున్నర రెట్లు రైజ్ చేయడమే లాభం. ఇద్దరే మిగిలాక ఈ పేజీ మూసేయండి, అప్పుడు స్మాల్ బ్లైండే బటన్ (డీలర్ స్థానం), ఫ్లాప్ తర్వాత చివరి మాట మనదే. దానికి చార్టు వేరు.

నాలాగా పాయింట్ల ఆటకే పరిమితమైతే ఒక నెల చందా కట్టి, 15, 20, 25 బ్లైండ్ల గళ్లు కాగితం మీద రాసుకుని ఆపేయొచ్చు. గోవా క్యాసినోల దాకా వెళ్లి ఆడేవాళ్లకైతే ఏడాది చందా గిట్టొచ్చేమో, అదీ ఐసీఎం మోడ్ ఆన్ చేసుకుంటేనే.