బాల్ పూలా, అక్షరాల మ్యాటా, బ్లాకుల మూలా? పిల్లల ఆటగదికి ఏది మేలు?

అపార్టుమెంటు క్లబ్‌హౌస్‌లోనో, ప్లేస్కూల్ మేడ మీదో 15 అడుగులకు 20 అడుగుల గది ఒకటి ఖాళీగా ఉందనుకుందాం. విడతకు పన్నెండు మంది పిల్లలు, అందరూ 3 నుంచి 6 ఏళ్లవాళ్లు. ఆటా సాగాలి, చదువుకు పునాదీ పడాలి. ఈ మాట చెప్పి బజారుకు వెళితే మూడు రకాల గదులు చూపిస్తారు.

మొదటిది సాఫ్ట్ ప్లే. బాల్ పూల్, చిన్న జారుడు బల్ల, రెక్సిన్ తొడిగిన ఫోమ్ దిమ్మలు. రెండోది ‘ఎడ్యుకేషనల్’ గది. అఆలు అచ్చువేసిన ఫోమ్ మ్యాట్లు, గోడకు ఏబీసీడీ ప్యానెళ్లు, ఒక టచ్ స్క్రీన్. మూడోది మూలల పద్ధతి. ఒక మూల చెక్క బ్లాకులు, ఒక మూల బొమ్మల వంట, కొట్టు ఆట, ఇంకో మూల కూర్చుని ఆడే ఆటలు, పుస్తకాలు.

మా ఓటు మూడోదానికి. మొదటిదానికి గదిలో నాలుగో వంతు ఇవ్వొచ్చు. రెండోదానికి డబ్బు పెట్టొద్దు. పిల్లవాడు తన చేత్తో కదిపి, మార్చి, పాడుచేసి, మళ్లీ కట్టగలిగే వస్తువు దగ్గరే వాడి బుర్ర పనిచేస్తుంది. బిగించేసిన వస్తువు ఎంత ఖరీదైనదైనా వారం తిరక్కుండానే పాతబడుతుంది.

సాఫ్ట్ ప్లే: ఒంటికి మంచిది, నిర్వహణ బరువు

ఎక్కడం, దూకడం, జారడం ఈ వయసుకు తప్పనిసరి. 3, 4 ఏళ్ల పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలు ఒళ్లు కదపాలని, అందులో 60 నిమిషాలు గట్టిగా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బయట ఆవరణ లేని చోట సాఫ్ట్ ప్లే ఆ లోటు కొంత తీరుస్తుంది. దీన్ని కొట్టిపారేయలేం.

బాల్ పూల్ సంగతి మాత్రం కొనేముందు లెక్కవేసుకోవాలి. 4 అడుగులకు 4 అడుగులు, అడుగు లోతు తొట్టి నిండాలంటే 7 సెం.మీ. బంతులు సుమారు 1,500 పడతాయి. వాటిని ఎవరు కడుగుతారు? ఒక పిల్లవాడు అందులో కక్కుకున్నా, పాస్ పోసినా 1,500 బంతులూ బయటికి తీయాల్సిందే. ఉల్లిపాయల వల సంచుల్లో వేసి సబ్బునీళ్లలో ముంచి, ఆపైన పలచని బ్లీచింగ్ నీళ్లలో, మళ్లీ మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ పెళుసెక్కి పగుళ్లు వస్తాయి, పగిలిన బంతి అంచు కోస్తుంది. వారానికోసారి తొట్టి అడుగు కూడా చూడాలి. హెయిర్ క్లిప్పులు, నాణేలు, బిస్కెట్ ముక్కలు అన్నీ చేరేది అక్కడికే.

జారుడు బల్ల దిగే చోట ఆరడుగులు ఖాళీ వదలాలి. పైనుంచి పడితేనే కాదు, ముందు దిగినవాడు లేవకముందే వెనకవాడు వచ్చి గుద్దుకున్నా దెబ్బలు తగులుతాయి. రెయిలింగుల సందులు 9 సెం.మీ. కంటే తక్కువైనా ఉండాలి, 23 సెం.మీ. కంటే ఎక్కువైనా ఉండాలి. ఈ రెంటి మధ్య ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది.

చదువు వైపు నుంచి చూస్తే ఇందులో దొరికేది తక్కువ. పైకి, కిందికి, లోపలికి, వెనక్కి లాంటి మాటలు, వంతు కోసం ఆగడం వస్తాయి. అంతకుమించి ఏదైనా రావాలంటే ఫోమ్ దిమ్మల్ని నేలకు అతికించకుండా విడిగా ఉంచాలి. అవి విడిగా ఉన్నప్పుడు పిల్లలే వంతెనా గుహా కట్టుకుంటారు.

అక్షరాల మ్యాట్: పేరుకే చదువు

తల్లిదండ్రులకు చూడగానే నచ్చేది ఇదే, అందుకే ఎక్కువ అమ్ముడుపోతుంది. కానీ కాలికింద రోజూ ఉండే అక్షరాన్ని పిల్లవాడు అక్షరంగా చూడడు. ‘ఇ’ ఎక్కడుంది అంటే ఎర్ర ముక్క దగ్గరికి పరుగెత్తుతాడు. అదే ‘ఇ’ పలక మీద రాసి చూపిస్తే తెల్లబోతాడు. వాడు నేర్చుకున్నది రంగూ, చోటూ. పైగా అక్షరం మధ్యలోంచి ఊడివచ్చే చిన్న ఫోమ్ ముక్కలుంటాయి. వాటిని కొరికి మింగే పిల్లలుంటారు.

అక్షరం చేతికి తగలాలి. అరచేయంత అట్టముక్కల మీద ఉప్పుకాగితం కత్తిరించి అతికించిన గరుకు అక్షరాలు, మాంటిస్సోరి పద్ధతిలోవి, మ్యాట్ కంటే చవక, ఎంతో మేలు. పిల్లవాడు రెండు వేళ్లతో రాసే దిశలోనే దిద్దుతాడు, పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఆ శబ్దం పలుకుతారు. 56 అక్షరాలూ ఒక్కసారి పెట్టకండి. వాడి పేరులోని మొదటి అక్షరంతో మొదలుపెట్టి వారానికి రెండో మూడో చాలు. ప, ష, ఫ ఒకేసారి ఇస్తే గందరగోళపడతారు. వ, మ, య కూడా అంతే. పోలికలేని రూపాలు ముందు, పోలికున్నవి తర్వాత.

స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2 నుంచి 4 ఏళ్లవాళ్లకు రోజుకు గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని అదే 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ గంట ఇంట్లోనే అయిపోయి ఉంటుంది.

మూలల పద్ధతి: బ్లాకుల దగ్గర ఏం జరుగుతుంది?

ఆటనూ చదువునూ ఒకచోట కలపడం కొత్త సంగతి కాదు. జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లోనే మొదలుపెట్టాడు. ఆయన పిల్లలకిచ్చిన ఆటవస్తువుల్లో ఒకటి రెండంగుళాల చెక్క ఘనం, అది అంగుళం కొలత గల చిన్న ఘనాలు ఎనిమిదిగా విడిపోతుంది. మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా పునాది దశ అంది. ఆ దశకు ఆట ద్వారానే బోధన అని 2022 అక్టోబరు పాఠ్య ప్రణాళిక చట్రం తేల్చింది. ఈ దశ పిల్లల కోసం కేంద్రం 2023 ఫిబ్రవరిలో తెచ్చిన ‘జాదూయీ పిటారా’ పెట్టెలో ఉన్నవీ బొమ్మలు, పజిళ్లు, ఆటలే.

బ్లాకులు కొనొచ్చు, వడ్రంగితో చేయించుకోవచ్చు. కొలతే ప్రాణం. అసలు ముక్క 14 సెం.మీ. పొడవు, 7 వెడల్పు, 3.5 మందం. దానిలో సగం 7 సెం.మీ., రెట్టింపు 28, నాలుగింతలు 56. నలుగురు పిల్లలకు అసలు ముక్కలు 48, సగాలు 24, రెట్టింపులు 24, నాలుగింతలవి 8, త్రికోణాలూ స్తంభాలూ కలిపి 16 సరిపోతాయి. తలుపులు చేసే చోట మిగిలే టేకు ముక్కలైనా, రబ్బర్‌వుడ్ అయినా సరే, కానీ బాగా ఆరినదై ఉండాలి. 3 అంగుళాలకు ఒకటిన్నర అంగుళం రీపర్లను చిత్రిక పడితే ఈ కొలతకు దిగుతాయి. మందంలో ముక్కకు ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా పది ముక్కల గోపురంలో అది సెంటీమీటరు అవుతుంది, పైన పెట్టిన పలక వాలిపోతుంది. తప్పు తనదనుకుని పిల్లవాడు ఆట వదిలేస్తాడు. అంచులు గుండ్రం చేసి, ముందు 80, తర్వాత 120, చివరికి 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దించండి. పాలిష్ వద్దు, జారిపోతాయి.

నాలుగేళ్ల పిల్ల వంతెన కడుతోంది. ఒకవైపు ఒక ముక్కను నిలువుగా నిలబెట్టింది, రెండోవైపు మూడు ముక్కలు పడుకోబెట్టి పేర్చింది. పైన పలక పెట్టగానే అటువైపు వాలి జారిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. ఈసారి కిందికి వంగి రెండువైపులా చూసి, పడుకున్నవాటి మీద నాలుగోది పెట్టింది. పలక నిలిచింది. నాలుగు మందాలు ఒక నిలువుకు సమానమని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పక్కనున్న పెద్దవాళ్లు ‘‘ఎన్నున్నాయో లెక్కపెట్టమ్మా’’ అని పరీక్ష పెట్టొద్దు. ‘‘ఇటెందుకు వాలిందే బుజ్జీ?’’ అని ఒక్క మాట అడిగి ఊరుకుంటే చాలు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గది మొత్తానికి మెత్తటి ఫోమ్ మ్యాట్ పరిచి, దాని మీదే బ్లాకులు పెడతారు. ఫోమ్ అణిగిపోతుంది, పక్కన ఎవరు నడిచినా గోపురం కూలుతుంది. బ్లాకుల మూలలో దళసరి జంపఖానా చాలు. చప్పుడూ తగ్గుతుంది, కట్టడమూ నిలుస్తుంది. ఆ మూల తలుపు నుంచి జారుడు బల్లకు వెళ్లే దారిలో మాత్రం పడకూడదు. పడితే రోజుకో తగువు.

బొమ్మల వంటకు లక్కపిడతలు, కొట్టుకు ఒక త్రాసు, రెండు బుట్టలు, డబ్బులకు గవ్వలు. ఏటికొప్పాక లక్కపిడతలు అంకుడు కర్రతో చేసి లక్కరంగు పట్టించినవి. చేయి అలవాటు పడ్డాక నిజం స్టీలు గిన్నెలు, గరిటెలు కలపండి. అయిదుగురికి అయిదు పళ్లేలు సర్దడమంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున లెక్క కట్టడమే. ‘‘కిలో ఎంతండీ?’’ అన్న బేరంలో వచ్చినన్ని మాటలు అక్షరాల ప్యానెల్ ముందు రావు. కొట్టు దగ్గర చిన్న కాగితాలు, పెన్సిల్ పెట్టి ఉంచండి, గీతలతోనే చీటీ రాసేస్తారు. రాత మొదలయ్యేది అలాగే.

కూర్చుని ఆడే ఆటల్లో అయిదేళ్లు దాటినవాళ్లకు వామనగుంటల పీట మంచిది. 14 గుంటల్లో మూడేసి చింతగింజలతో మొదలుపెట్టండి, మొత్తం 42. ఆట ముగిశాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో పోయాలి, ఒకటి తగ్గినా వెతకాలి. ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు పిల్లలు ఆ విడతలో ఉంటే డబ్బా బయటికి తీయనే వద్దు.

మూడేళ్లలోపు పిల్లలు ఎప్పుడైనా వచ్చే గదైతే 3.2 సెం.మీ. వెడల్పు గొట్టంలో పట్టే ఏ ముక్కా అందుబాటులో ఉంచకూడదు. ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. జీఐ (భౌగోళిక) గుర్తింపున్న చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఉంది కాబట్టి అక్కడ ఈ గొట్టం పరీక్ష మీరే చేసుకోవాలి. పిడతల మూతలు, బొమ్మల తలలు లాగి చూడండి.

మూలల పద్ధతికీ ఇబ్బంది ఉంది. సర్దే అలవాటు లేకపోతే నెలలో గది చిందరవందరవుతుంది. రెండడుగులు మించని ఎత్తు అరలు పెట్టి, ఎల్-క్లాంపులతో గోడకు బిగించండి. అర మీద ఏ ముక్క చోట ఆ ముక్క ఆకారం గీసి ఉంచండి. సర్దడానికి చివరి పది నిమిషాలు కచ్చితంగా వదలండి. పొడవుల వారీగా ముక్కలు సర్దడం కూడా గణితమే. పెద్దవాళ్లొకరు కనిపెట్టుకుని ఉండటం కూడా తప్పదు. మనిషిని పెట్టలేమంటే మూలలు మూడొద్దు, రెండు చాలు.

ఇప్పటికే బాల్ పూల్ కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. బంతులు 300కి తగ్గించండి, తొట్టి పక్కన నాలుగు రంగుల బకెట్లు పెట్టండి. విసరడం, ఏరడం, రంగు చూసి వేయడం అన్నీ ఆ మూడొందలతో అవుతాయి, కడిగే పని అయిదో వంతుకు దిగుతుంది. తొట్టి తగ్గించగా వచ్చిన జాగాలో మ్యాట్లు ఎత్తేసి జంపఖానా పరచండి. ముందుగా చేయించాల్సింది అసలు ముక్కలు 48, రెట్టింపులు 24. మిగతావి పిల్లలు దేనికోసం తగువులాడుకుంటున్నారో చూసి, ఆ తర్వాత చేయించండి.