గోవా టికెట్ కొంటున్నారా? ఏ గోవానో చూసుకోండి

పోయిన నెల మా ఇంటిల్లిపాదీ, నాన్నతో కలిపి నలుగురం గోవా వెళ్ళాం. టికెట్లు మా కాలనీ ట్రావెల్ ఏజెంటు దగ్గర తీసుకున్నాం. వాట్సాప్‌లో అతను పంపింది ఒక్క స్క్రీన్‌షాట్: "హైదరాబాద్ – గోవా, 1 గం. 20 ని." అసలు టికెట్ బయల్దేరే ముందురోజు రాత్రి వచ్చింది. బ్యాగులు సర్దే హడావుడిలో టైమ్ చూసుకున్నానే తప్ప మిగతాది చదవలేదు. అది నా తప్పే.

గోవాకి రెండు విమానాశ్రయాలు. పాతది దక్షిణాన వాస్కో పక్కన దబోలిం, నేవీ స్థావరంలో ఉంటుంది. కొత్తది మోపా, ఉత్తరాన మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, 2023 జనవరిలో మొదలైంది. శంషాబాద్ నుంచి గాల్లో దేనికైనా 500 కిలోమీటర్ల పైచిలుకే. నేల మీద మాత్రం రెండింటి మధ్య సుమారు 60 కిలోమీటర్లు.

మా హోటల్ దక్షిణాన కోల్వాలో. విమానం దిగింది మోపాలో. గంటా ఇరవై నిమిషాలు ఎగిరి, రెండు గంటలు టాక్సీలో కూర్చున్నాం. సరే, అంతటితో పోయిందనుకున్నాం.

అసలు దెబ్బ తిరుగు ప్రయాణంలో. దిగినచోటే ఎక్కుతాం కదా అని రాత్రి 8:40 విమానానికి సాయంత్రం నాలుగుంపావుకే మోపా బయల్దేరాం. దారిలో దబోలింకి తిరిగే మలుపు దాటుకుని మరీ జువారీ వంతెన ఎక్కాం! మోపా గేటు దగ్గర జవాను నా ఫోన్ తీసుకుని, టికెట్‌లో గోవా విమానాశ్రయానికి వేసిన మూడక్షరాల కోడ్‌లో చివరి అక్షరం మీద వేలు పెట్టి చూపించాడు. "ఐ హై, సాబ్. ఎక్స్ నహీ." జీ-ఓ-ఐ అంటే దబోలిం, జీ-ఓ-ఎక్స్ అంటే మోపా. నాన్న మొహం చూడలేకపోయాను.

మళ్ళీ టాక్సీ, మళ్ళీ అదే వంతెన. దబోలిం చేరేసరికి 8:10. విమానం టైముకి గంట ముందే కౌంటర్ మూసేశారు. రాత్రికి వాస్కోలో గది, పొద్దున కొత్త టికెట్లు. మనిషికి 700 తగ్గుతుందని ఏజెంటు రానూపోనూ వేర్వేరు విమానాశ్రయాలకు వేశాడట. అడిగితే, "రెండూ గోవాయే కదా సార్, టికెట్ మీద ఉంది చూడండి" అన్నాడు.

డబ్బు కట్టకముందే కోడ్ అడగండి, రానూపోనూ రెండింటికీ. టికెట్ మీద వేసే సమయం విమానం ఇక్కడ కదిలి అక్కడ ఆగేదాకా మాత్రమే. హోటల్ దాకా ఎంతో మ్యాప్‌లో మీరే చూసుకోండి. ముంబై టికెట్లకీ ఇదే మాట, నవీ ముంబైలో ఇంకోటి వచ్చింది. ఢిల్లీ అని చూపించేవాటిలో ఘజియాబాద్ వైపు హిండన్ కూడా ఉండొచ్చు.

విమానం ఎక్కకపోయినా టికెట్‌లోని పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు వాపసు ఇవ్వాలని డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది. ఆ కాస్త రాబట్టడానికే మూడు వారాలుగా ఏజెంటు షాపు చుట్టూ తిరుగుతున్నా.