కొనడం మానేయడమా, చూసి కొనడమా: ఏది మేలు?

1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల కూలీలు సమ్మెకు దిగారు. సమ్మెకు యజమానులు లొంగలేదు. దాంతో సీజర్ చావెజ్ నాయకత్వంలోని సంఘం, ద్రాక్ష కొనొద్దని అమెరికా అంతటా జనాన్ని అడిగింది. 1970కల్లా యజమానులు దిగొచ్చి ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు.

అక్కడ కలిసొచ్చినవి గమనించండి. ద్రాక్షను ఎవరైనా గుర్తుపడతారు, అది లేకపోతే ఏ ఇల్లూ ఆగిపోదు. అన్నిటికంటే ముఖ్యం, సంఘంతో ఒప్పందం చేసుకోమన్న డిమాండు సూటిగా ఉంది. ‘ఆ కంపెనీ మంచిది కాదు, మానేయండి’ అని ఊరుకునే పిలుపులకు ఈ బలం ఉండదు. ఏం చేస్తే బహిష్కరణ ఆగుతుందో తెలియని కంపెనీ, జనం మరిచిపోయేదాకా మౌనంగా కూర్చుంటుంది.

ఇక చూసి కొనడం, అంటే ఉత్పత్తిదారుకు న్యాయం చేసే సరుకునే ఎంచుకుని కొనడం. 1988లో నెదర్లాండ్స్‌లో, రైతుకు న్యాయమైన ధర దక్కిందని చెప్పే మాక్స్ హావెలార్ ముద్రతో కాఫీ అమ్మకం మొదలైంది. ఫెయిర్‌ట్రేడ్ (న్యాయమైన వ్యాపారం) అనే ఈ పద్ధతిలో మార్కెట్ పడిపోయినా రైతుకు కనీస ధర దక్కుతుంది, పైగా సహకార సంఘానికి అదనపు సొమ్ము అందుతుంది. బహిష్కరణతో ఇది సాధ్యం కాదు, ఒక్కోసారి దాని దెబ్బ ముందు కూలీకే తగులుతుంది. కానీ ముద్ర ఉన్న సరుకు ఒక్కటి అరలో పెట్టి, మిగతా వ్యాపారం పాత పద్ధతిలోనే నడిపే కంపెనీకి మన కొనుగోలు మంచిపేరే తెచ్చిపెడుతుంది. నాకు ఇబ్బందిగా అనిపించేది అక్కడే.

నన్నడిగితే, కంపెనీని కదిలించాలంటే బహిష్కరణే మేలు. ప్రత్యామ్నాయం దానికి ఊపిరి. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీ నగరపు నల్లజాతి ప్రజలు, తెల్లవారిని, తమను వేరువేరుగా కూర్చోబెట్టే నియమానికి నిరసనగా సిటీ బస్సులెక్కడం మానేసి 381 రోజులు నిలబడగలిగారంటే, నడిచిన కాళ్లతో పాటు వంతులవారీగా జనాన్ని చేరవేసిన సొంత కార్లూ కారణమే. అయితే చివరికి బస్సుల్లో వేర్పాటును కొట్టేసింది కోర్టు తీర్పు. బస్సు కంపెనీ నష్టం ఒక్కటే ఆ పని చేయలేదు.

గెలిచాక కూడా కన్నేసి ఉంచాల్సిందే. తల్లిపాలకు బదులు పసిపిల్లలకు పట్టే పాలపొడి ప్రచారం మీద 1977లో మొదలైన నెస్లే బహిష్కరణను, అలాంటి ప్రచారంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళిని పాటిస్తామని కంపెనీ ఒప్పుకున్నాక 1984లో ఆపేశారు. మాట నిలబెట్టుకోలేదంటూ 1988లో మళ్లీ మొదలుపెట్టారు.