ఇల్లు అమ్మి మోటర్‌హోమ్‌లో కాపురం: కొన్నేళ్ళ వాడకం తర్వాత మా సమీక్ష

ఉద్యోగ విరమణ తర్వాత న్యూజెర్సీలోని ఇల్లు అమ్మివేసి, నేనూ మావారూ ఫోర్డ్ ఈ-450 వ్యాను చాసిస్ మీద కట్టిన, క్లాస్ సీ అనే రకం మోటర్‌హోమ్‌లో కాపురం పెట్టి కొన్నేళ్ళయింది. సెలవుల్లో నాలుగు రోజులు తిరిగి వచ్చేవారి అనుభవాలు చాలానే దొరుకుతాయి. ఏడాది పొడవునా అందులోనే వండుకుని, అందులోనే నిద్రపోయి, జ్వరం వచ్చినా అందులోనే పడుకునే వారికి ఆర్‌వీ (ఇలాంటి నివాస వాహనం) ఎంతవరకు ఇల్లు కాగలదన్నది వేరే ప్రశ్న. అమెరికాలో విశ్రాంత జీవితానికి దగ్గరపడుతున్న మన తెలుగు దంపతులు ఈ మధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్నది అదే కనుక, దానికే జవాబు రాస్తున్నాను. ఈ జీవితం మాకు బాగా నచ్చింది. అయితే ఇది సుఖంగా సాగాలంటే బరువు, నీరు అనే రెండు లెక్కలకు రోజూ లోబడి ఉండాలి.

బండి కొనేవారు సాధారణంగా అలమరలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. వాటికంటే ముందు తలుపు దగ్గర లోపలివైపు అంటించిన లేబుల్ చదవాలి. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌన్లు దాటకూడదో అందులో ముద్రించి ఉంటుంది. ఈ-450 మోటర్‌హోమ్‌లకు బండితో సహా అన్నీ కలిపిన బరువు పరిమితి 14,500 పౌన్లు. పక్కకు జరిగే స్లైడ్-అవుట్ గదులు, పెద్ద సోఫాలు, పెద్ద ఫ్రిజ్ చేరినకొద్దీ మన వంతుకు మిగిలేది తగ్గిపోతుంది. మా బండిలో మిగిలింది 1,500 పౌన్ల చిల్లర. అందులో మా ఇద్దరి బరువు పోవాలి. గాలను నీరు 8.3 పౌన్లు తూగుతుంది కాబట్టి 40 గాలన్ల మంచినీటి ట్యాంకు నింపితే మరో 330 పౌన్లు పోతాయి. ఇక వంటింటి సామాను, బట్టలు, మందులు, పనిముట్లు, దేవుడి పటాలు అన్నీ దాదాపు 800 పౌన్లలో సరిపెట్టుకోవాలి. ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ అనే తూకం మీద బండిని నిలబెడితే ముందు ఇరుసు బరువు, వెనుక ఇరుసు బరువు విడివిడిగా కాగితం మీద వస్తాయి. సామాను సర్దిన తర్వాత అలా తూకం వేయించకుండా బయలుదేరవద్దని నా గట్టి సలహా.

ముప్పై ఏళ్ళ సంసారాన్ని తగ్గించడంలో మాకు అసలు సాయం చేసింది ఈ తూకమే. ఒక వస్తువు ఇష్టమా కాదా అని ప్రశ్నించుకుంటూ కూర్చుంటే ఏదీ వదలలేము. అది ఎన్ని పౌన్లు, నెలలో ఎన్నిసార్లు చేతికొస్తుంది అని అడిగితే నిర్ణయం త్వరగా తెగుతుంది. వెట్ గ్రైండర్ పాతిక పౌన్ల పైన తూగింది. దాన్ని మా అమ్మాయికి ఇచ్చి, అమెరికా కరెంటుకు పనికివచ్చే మిక్సీ ఉంచుకున్నాను. మిక్సీలో రుబ్బిన ఇడ్లీ పిండి గ్రైండరు పిండి అంత గుల్లగా రాదన్నది నిజమే. చల్లటి నీళ్ళు పోసి, ఆపి ఆపి తిప్పితే చాలావరకు దగ్గరికి వస్తుంది. అత్తగారి ఇత్తడి గుండిగలు, విందు పళ్ళేల సెట్టు, పెద్ద కుక్కర్లు పంచిపెట్టాము. తెలుగు పుస్తకాలు గుడి గ్రంథాలయానికి చేరాయి. పట్టుచీరల్లో నాలుగు ఉంచుకున్నాను, మిగిలినవి కోడలూ కూతురూ కట్టుకుంటున్నారు, చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఫోటోలన్నీ స్కాన్ చేయించి, అసలు ఆల్బమ్‌లు పిల్లల దగ్గర పెట్టాము. ఆవకాయ మాత్రం గాజు జాడీ మానేసి మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలోకి మార్చాను, ఎందుకంటే గతుకుల రోడ్డు మీద గాజు నిలవదు. సామాను దాచడానికి నెలనెలా అద్దె కట్టి స్టోరేజ్ గది తీసుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. అక్కడికి చేరిన వస్తువు మన చేతికి రాదు, వదిలినట్టూ కాదు.

మన వంటకు ఆర్‌వీ ఎంతవరకు నప్పుతుందన్నది విడిగా చెప్పవలసిన సంగతి. వాడిన నీరు గ్రే ట్యాంకులోకీ, మరుగుదొడ్డి నీరు బ్లాక్ ట్యాంకులోకీ చేరుతాయి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు, గిన్నెల నీళ్ళు కలిసి గ్రే ట్యాంకు మనం అనుకున్నదానికంటే తొందరగా నిండుతుంది. నూనె, నెయ్యి అందులోకి పోతే గోడలకు పట్టి కంపు కొడుతుంది కాబట్టి మూకుడు, పళ్ళేలు కాగితంతో తుడిచిన తర్వాతే కడుగుతాము. క్యాంపులో మురుగు గొట్టం తగిలించి ఉన్నా బ్లాక్ ట్యాంకు వాల్వు మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే ద్రవం జారిపోయి మిగిలినది గట్టిపడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే తెరిస్తే గొట్టం దానంతట అదే కడుక్కుపోతుంది. ఈ పని మావారు చేతి తొడుగులు వేసుకుని వారానికోసారి చేస్తారు, అలవాటయ్యాక పావుగంట పని.

ప్రొపేన్ పొయ్యి మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. దానికి పప్పు ఉడికే ఆవిరి తోడైతే చలికాలంలో కిటికీల అద్దాలు కారిపోతాయి, పరుపు కింద చెమ్మ చేరుతుంది. పైకప్పు ఫ్యాను తిప్పి, ఒక కిటికీ కొంచెం తెరిచి వండాలి. తిరగమోత ఘాటు పరుపుల దాకా వెళుతుంది కనుక వేపుళ్ళు, చేపల పులుసు బయట బల్ల మీద చేస్తాను. కరెంటుకూ హద్దుంది. 30 ఆంపుల కనెక్షన్ అంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ ఒకేసారి నడిస్తే బ్రేకర్ పడిపోతుంది. 50 ఆంపుల బండికి 12,000 వాట్ల వరకు అందుతాయి. ఎండాకాలం దక్షిణాది రాష్ట్రాల్లో గడపాలనుకునేవారు అదే తీసుకోవాలి.

ఖర్చు విషయంలో 62 ఏళ్ళు నిండినవారికి ఉన్న సౌకర్యాలు నిజంగా విలువైనవి. పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ 80 డాలర్లకు జీవితకాలపు సీనియర్ పాస్ వస్తుంది. దాంతో జాతీయ పార్కుల ప్రవేశ రుసుము ఉండదు, అనేక ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో అద్దె సగానికి తగ్గుతుంది. అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసా అనే చోట, మేము ఉన్న శీతాకాలంలో, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు బండి నిలుపుకుని ఉండడానికి మొత్తం 180 డాలర్లే తీసుకున్నారు. కరెంటు కనెక్షన్ ఉండదు. సోలార్ పలకలు, లిథియం బ్యాటరీలు ఉన్నవారికి ఎడారి ఎండే ఆధారం. నాచెజ్ ట్రేస్ పార్క్‌వే 444 మైళ్ళు సరుకుల లారీలు లేకుండా సాగుతుంది, పెద్ద వయసులో బండి నడపడానికి నాకు తెలిసిన అతి హాయైన దారి అదే. గ్లేషియర్ పార్కులోని గోయింగ్-టు-ది-సన్ రోడ్డు నడిమి భాగంలోకి 21 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. గుళ్ళ విషయమూ అంతే. పిట్స్‌బర్గ్ పెన్‌హిల్స్ వేంకటేశ్వరాలయం కొండవాలు మీద ఉంది, పెద్ద బండితో వెళ్ళడం కష్టం. అందుకే వెనుక చిన్న కారు లాక్కుని తిరుగుతాము. బండి క్యాంపులో నిలిపి కారులో వెళితే దర్శనమైనా, ఇండియన్ స్టోరు అయినా సులువు.

చిరునామా లేని మనిషికి లైసెన్సు, బీమా, ఓటు ఏదీ సాగదు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేని సౌత్ డకోటా, టెక్సస్, ఫ్లోరిడాలనే ఎక్కువమంది ఎంచుకుంటారు. మేము ఎంచుకున్న సౌత్ డకోటాలో ఉత్తరాలు అందుకునే సంస్థ చిరునామాతో పాటు ఆ రాష్ట్రంలో ఒక రాత్రి గడిపిన రసీదు అడిగారు. వైద్యం ఇంతకన్నా ముఖ్యం. మెడికేర్ అంటే 65 నిండినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. దాన్ని ప్రైవేటు కంపెనీల ద్వారా ఇచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలు చాలావరకు ఒక ప్రాంతపు డాక్టర్లకు కట్టుబడి ఉంటాయి, అత్యవసరం కాని వైద్యానికి దారిలో ఇబ్బంది పడతాము. ప్రభుత్వమే నేరుగా నడిపే మెడికేర్ అయితే దాన్ని అంగీకరించే ఏ డాక్టరు దగ్గరైనా, ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. మెడికేర్ కట్టగా మిగిలిన ఖర్చుల కోసం దానికి తోడు తీసుకునే మెడిగ్యాప్ పాలసీని, 65 నిండి పార్ట్ బీ (మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం) మొదలైన ఆరు నెలల్లోపు తీసుకుంటే ఆరోగ్య ప్రశ్నలు అడగరు. ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో నిరాకరించవచ్చు. హైదరాబాదు వెళ్ళివచ్చే రోజులకు మెడికేర్ పనికిరాదు, ప్రయాణ బీమా విడిగా కొనాలి.

ఈ జీవితంలో నాకు నిజంగా బాధ కలిగించేది మరమ్మతు. పైకప్పు అంచు సీలెంటు విచ్చుకుని మంచం మీది అరలోకి నీరు దిగినప్పుడు, బాగుచేయడానికి ఇచ్చిన చోట వారాల తరబడి బండి కదలలేదు. ఇల్లే షెడ్డులో ఉంటే మనం హోటల్లో ఉండాలి. ఆ ఖర్చుకు ముందే డబ్బు పక్కన పెట్టాలి. ప్రతి వసంతంలో పైకప్పు అతుకులు చూసుకోవాలి. టైర్లు అరగకపోయినా వయసు మీరితే మార్చాలి. టైరు పక్కన ఉండే డాట్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

ఇద్దరిలో ఒక్కరికే నడపడం వస్తే ఈ పద్ధతి వద్దని చెబుతాను. మావారికి కంటి శస్త్రచికిత్స జరిగిన వారాల్లో బండి వెనక్కి తీయడం, మురుగు గొట్టం బిగించడం, ప్రొపేన్ నింపించడం అన్నీ నేనే చేశాను. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో, 1978లో మొదలైన ఎస్కేపీస్ అనే ఆర్‌వీ యాత్రికుల క్లబ్బు వారి ఆవరణలోనే, తిరగలేని వయసు వచ్చినవారు తమ ఆర్‌వీలోనే ఉంటూ భోజనం, సాయం పొందే కేర్ కేంద్రం ఉంది. అటువంటి ఏర్పాటు దృష్టిలో ఉన్నా, ఇల్లు అమ్మిన డబ్బు మొత్తం బండి మీద పెట్టకండి. ఆర్‌వీ ధర ఏటేటా పడిపోతుంది, రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ ధర సాధారణంగా అలా పడదు. మళ్ళీ నేల మీద ఇల్లు తీసుకోవడానికి సరిపడే సొమ్ము ముట్టుకోకుండా ఉంచి, మిగిలిన దాంట్లోనే బండి వెతకండి.